బొమ్మ సాగకుండా, నలగకుండా: యాప్‌లో ఇమేజ్ సైజు మార్చడం వెనకున్న లెక్క

ప్రొఫైల్ ఫొటోలో మొహం నిలువునా సాగిపోయి ఉంటుంది. లేదంటే పైనుంచి నొక్కినట్టు బుగ్గలు వెడల్పై కనిపిస్తాయి. ఇలాంటి స్క్రీన్ ఒక్కసారైనా చూడనివాళ్లు ఉండరు. వాడేవాళ్లకు కారణం తెలియకపోయినా, ఏదో తేడాగా ఉందని క్షణంలో తెలిసిపోతుంది. రంగు కాస్త మారితే కన్ను సర్దుకుంటుంది. తెలిసిన మొహం కొలతలు మారినా, గుండ్రటి లోగో కోడిగుడ్డు ఆకారంలోకి జారినా అస్సలు సర్దుకోదు.

దీని మూలం దాదాపు ప్రతిసారీ ఒకటే. కోడ్ రాసినవాళ్లు బొమ్మ వెడల్పు ఇంత, ఎత్తు ఇంత అని రెండు సంఖ్యలను విడివిడిగా నిర్ణయించారు. నిజానికి సైజు మార్చేటప్పుడు మన చేతిలో ఉండాల్సింది ఒకే ఒక్క సంఖ్య: ఎన్ని రెట్లు అన్నది. వెడల్పును 0.27తో గుణిస్తే ఎత్తునూ అదే 0.27తో గుణించాలి. ఇది పాటించినంతసేపూ నిష్పత్తిని ప్రత్యేకంగా కాపాడాల్సిన అవసరమే రాదు, అది తనంతట తానే నిలబడుతుంది. రెండో సంఖ్య ఎక్కడ చొరబడుతుందో అక్కడే బొమ్మ చెడుతుంది. ఇమేజ్ సైజుకు సంబంధించిన బగ్ ఎప్పుడు వెతకాల్సి వచ్చినా ముందుగా ఆ రెండో సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి.

సూత్రం ఇంత చిన్నదైతే మరి ఇన్ని యాప్‌లలో ఇంత గందరగోళం ఎందుకు? ఎందుకంటే ఆ ఒక్క సంఖ్యను ఎలా ఎంచుకోవాలి అన్నది ఒక ప్రశ్న, దాన్ని ఎక్కడ వర్తింపజేయాలి అన్నది వేరే ప్రశ్న. స్క్రీన్ మీద గీసేటప్పుడా, ఫైల్‌ను మెమొరీలోకి తెచ్చేటప్పుడా, సర్వర్‌కు పంపేటప్పుడా? ఈ రెండు ప్రశ్నలూ కలిసిపోయినచోట చిక్కుముడి పడుతుంది. విడదీసి చూద్దాం.

ఒక్క సంఖ్య, దాన్ని ఎంచుకునే దారులు

ఒక ఫొటో 4000 × 3000 పిక్సెల్‌లు ఉందనుకుందాం. దాన్ని 1080 × 1080 చట్రంలో చూపించాలి. ఫొటో నిష్పత్తి 4:3, చట్రం నిష్పత్తి 1:1. ఈ రెండూ వేరైనప్పుడు ఎవరో ఒకరు తగ్గక తప్పదు, అందరినీ సంతృప్తిపరిచే సమాధానం గణితంలోనే లేదు.

ముందుగా రెండు భాగహారాలు చేయాలి. చట్రం వెడల్పును బొమ్మ వెడల్పుతో భాగిస్తే 1080 ÷ 4000 = 0.27. ఎత్తును ఎత్తుతో భాగిస్తే 1080 ÷ 3000 = 0.36. ఈ రెంటిలో ఏదో ఒకదాన్నే తీసుకోవాలి. రెంటినీ వాడామా, బొమ్మ సాగుతుంది.

చిన్నదైన 0.27 తీసుకుంటే బొమ్మ 1080 × 810 అవుతుంది. అంతా చట్రంలో ఇముడుతుంది, ఏమీ కోసుకుపోదు, కానీ పైనా కిందా 135 పిక్సెల్‌ల చొప్పున ఖాళీ మిగులుతుంది. పెద్దదైన 0.36 తీసుకుంటే 1440 × 1080 అవుతుంది. చట్రం పూర్తిగా నిండుతుంది, కానీ ఎడమా కుడీ 180 పిక్సెల్‌ల చొప్పున బయటకు పోతాయి, వాటిని కత్తిరించాలి. మొదటిది ఇమడ్చడం, రెండోది నింపడం. ఆ ఒక్క సంఖ్యనే స్కేల్ అందాం. కోడ్‌లో తేడా ఒక్క ఫంక్షన్ పేరే, మిన్ రెంటిలో చిన్నదాన్ని, మ్యాక్స్ పెద్దదాన్ని ఇస్తాయి:

ఇమడ్చాలంటే: స్కేల్ = మిన్(చట్రం వెడల్పు ÷ బొమ్మ వెడల్పు, చట్రం ఎత్తు ÷ బొమ్మ ఎత్తు)

నింపాలంటే: స్కేల్ = మ్యాక్స్(అవే రెండు)

బొమ్మ అడ్డంగా ఉందా నిలువుగా ఉందా అని ముందు పరీక్షించి, ఒక్కో సందర్భానికి ఒక్కో లెక్క రాసే కోడ్ చాలాచోట్ల కనిపిస్తుంది. అది అనవసరం, పైగా ప్రమాదం కూడా. బొమ్మ అడ్డంగా ఉండి చట్రం ఇంకా అడ్డంగా ఉంటే ఆ షరతులు తప్పుదారి పడతాయి. మిన్, మ్యాక్స్ ఎప్పుడూ తప్పవు.

ఇంకో దారి కూడా ఉంది, దాన్ని తరచూ మర్చిపోతారు. చట్రమే మారవచ్చు. వెడల్పును ఖాయం చేసి, బొమ్మ నిష్పత్తిని బట్టి చట్రం ఎత్తును లెక్కగట్టడం. 1080 వెడల్పుకు 810 ఎత్తు చట్రం పెడితే ఖాళీ లేదు, కోత లేదు. నిలువుగా కిందికి జరిగే ఫీడ్‌లకు ఇది చక్కగా సరిపోతుంది. చిక్కల్లా బొమ్మ డౌన్‌లోడ్ అయ్యేదాకా దాని నిష్పత్తి మనకు తెలియకపోవడమే. తెలిశాక చట్రం ఎత్తు మారుతుంది, కింద ఉన్నదంతా ఒక్కసారిగా జరుగుతుంది, చదువుతున్న వాక్యం కళ్లముందే మాయమవుతుంది. మందు సులువైనదే: సర్వర్ పంపే సమాచారంలో బొమ్మ చిరునామాతోపాటు దాని వెడల్పు, ఎత్తు కూడా పంపాలి. అప్పుడు బొమ్మ రాకముందే సరిగ్గా సరిపోయే ఖాళీని కేటాయించవచ్చు. ఏపీఐ (యాప్, సర్వర్ సమాచారం ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) రూపకల్పనలోనే ఈ రెండు అంకెలు చేర్చమని పట్టుబట్టండి. తర్వాత చేర్చాలంటే అప్పటికే నిల్వ ఉన్న లక్షల బొమ్మలను మళ్లీ కొలవాల్సి వస్తుంది.

ఇమడ్చాలా, నింపాలా, చట్రాన్ని మార్చాలా అన్నది బొమ్మ ఎందుకు ఉందన్నదాన్ని బట్టి తేలాలి. గుర్తింపు కార్డు స్కాన్, రసీదు, ఎక్స్‌రే, మ్యాప్ వంటివాటిలో అంచున ఉన్న ఒక్క అంకె పోయినా బొమ్మకు అర్థం పోతుంది. అక్కడ ఇమడ్చడం తప్ప మార్గం లేదు. గుండ్రటి ప్రొఫైల్ ఫొటోలో ఖాళీ పట్టీలు కనిపిస్తే ఏదో విరిగినట్టు ఉంటుంది, అక్కడ నింపాల్సిందే. అయితే నింపేటప్పుడు కోత ఎక్కడ పడాలో కూడా ఆలోచించాలి. అన్ని పద్ధతులూ మామూలుగా మధ్యభాగాన్ని ఉంచి అంచులను కోస్తాయి. నిలువు ఫొటోల్లో మనిషి తల సాధారణంగా పై మూడోవంతులో ఉంటుంది. దాన్ని వెడల్పాటి చట్రంలో మధ్యకు కోస్తే మిగిలేది మెడ నుంచి నడుము దాకా. అలాంటిచోట అమరికను మధ్య నుంచి పైకి జరిపితే చాలా మొహాలు బతుకుతాయి. యాప్ స్క్రీన్లు రాసే సాధనాలైన కంపోజ్‌లోనూ ఫ్లట్టర్‌లోనూ అలైన్‌మెంట్ అనే పారామీటర్ ఉన్నది ఇందుకే. దాన్ని వాడేవాళ్లు తక్కువ.

ఒకే పని, రకరకాల పేర్లు, రకరకాల మౌనాలు

ప్రతి ప్లాట్‌ఫామ్ ఈ ఎంపికలకు తన పేర్లు పెట్టుకుంది. ఐఫోన్‌ల ఐఓఎస్‌లో, యూఐకిట్‌లో ఇమడ్చడం స్కేల్‌యాస్పెక్ట్‌ఫిట్, నింపడం స్కేల్‌యాస్పెక్ట్‌ఫిల్. ఆండ్రాయిడ్ ఇమేజ్‌వ్యూలో (తెర మీద బొమ్మను చూపించే భాగం) ఫిట్‌సెంటర్, సెంటర్‌క్రాప్. జెట్‌ప్యాక్ కంపోజ్‌లో ఫిట్, క్రాప్. రెండు రకాల ఫోన్లకూ ఒకే కోడ్‌తో రాసే ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్ రెంటిలోనూ కంటైన్, కవర్. పేర్లు తెలుసుకోవడం పెద్ద పని కాదు. అసలు తెలుసుకోవాల్సింది మనం ఏమీ చెప్పకపోతే ఏం జరుగుతుందన్నది, ఎందుకంటే అక్కడ ఒక్కొక్కటి ఒక్కో దారి పడుతుంది.

ఐఓఎస్ యూఐఇమేజ్‌వ్యూకు ఏమీ చెప్పకపోతే అది స్కేల్‌టుఫిల్ పద్ధతిలో ఉంటుంది, అంటే రెండు సంఖ్యలనూ వాడి బొమ్మను సాగదీస్తుంది. ఆండ్రాయిడ్ ఇమేజ్‌వ్యూ ఏమీ చెప్పకపోతే ఇముడుస్తుంది, కంపోజ్ కూడా అంతే. రియాక్ట్ నేటివ్ నింపి కోస్తుంది. ఫ్లట్టర్ పెద్ద బొమ్మను తగ్గించి ఇముడుస్తుంది గానీ చిన్న బొమ్మను పెంచదు. కాబట్టి ఒకే డిజైన్‌ను రెండు ప్లాట్‌ఫామ్‌లలో ఇద్దరు వేర్వేరుగా రాస్తే, ఇద్దరూ తమ వంతు సరిగ్గానే చేశామనుకుంటారు, బొమ్మలు మాత్రం వేరుగా వస్తాయి. డిఫాల్ట్ సరిపోయినచోట కూడా పద్ధతి పేరును కోడ్‌లో స్పష్టంగా రాయడం మంచిదని నా గట్టి అభిప్రాయం. తర్వాత చదివేవాళ్లకు అది ఆలోచించి తీసుకున్న నిర్ణయమని తెలుస్తుంది.

ఈ దారిలో అందరూ తట్టుకునే రాళ్లు కొన్ని ఉన్నాయి. ఆండ్రాయిడ్‌లో ఇమేజ్‌వ్యూ వెడల్పును మ్యాచ్‌పేరెంట్ (ఉన్న చోటంతా), ఎత్తును ర్యాప్‌కంటెంట్ (లోపలి బొమ్మకు సరిపడా) అని పెడతారు. బొమ్మ స్క్రీన్ కంటే పెద్దదైతే పైనా కిందా ఎవరూ అడగని ఖాళీ వస్తుంది. వ్యూ తన ఎత్తును అసలు బొమ్మ ఎత్తు నుంచి తీసుకుంటుంది, తర్వాత బొమ్మ వెడల్పుకు తగ్గట్టు కుంచించుకుంటుంది, కానీ వ్యూ ఎత్తు అలాగే ఉండిపోతుంది. అడ్జస్ట్‌వ్యూబౌండ్స్‌ను ట్రూ చేస్తే వ్యూ కూడా బొమ్మ నిష్పత్తిని అనుసరిస్తుంది. ఐఓఎస్‌లో స్క్రీన్ కొలతలు చూసుకునే ఆటోలేఅవుట్‌లోనూ ఇదే కథ. ఇమేజ్‌వ్యూ సహజ సైజు అసలు బొమ్మ సైజే కాబట్టి వెడల్పు తగ్గినా ఎత్తు తగ్గదు. ఎత్తుకూ వెడల్పుకూ మధ్య నిష్పత్తి కన్‌స్ట్రెయింట్ (కొలతలను ముడిపెట్టే షరతు) పెట్టాలి. ఆ కన్‌స్ట్రెయింట్‌లోని మల్టిప్లయర్‌ను తర్వాత మార్చడం కుదరదు, కొత్త బొమ్మ వచ్చినప్పుడు పాతదాన్ని తీసేసి కొత్తది పెట్టాలి. జాబితాలో వ్యూలు మళ్లీ మళ్లీ వాడుకలోకి వస్తాయి కాబట్టి పాత కన్‌స్ట్రెయింట్ తీయడం మరిచిపోతే, ముందు బొమ్మ నిష్పత్తి తర్వాతి బొమ్మకు అంటుకుంటుంది.

ఐఓఎస్‌లోని మరో సాధనం స్విఫ్ట్‌యూఐలో రీసైజబుల్ అని పెట్టకపోతే బొమ్మ తన అసలు సైజులోనే ఉంటుంది, అదొక్కటే పెడితే సాగిపోతుంది. దాని తర్వాత స్కేల్డ్‌టుఫిట్ లేదా స్కేల్డ్‌టుఫిల్ ఉండాలి. ఫిల్ వాడితే బొమ్మ ఫ్రేమ్ దాటి బయటకు వస్తుంది, క్లిప్డ్ అని చేర్చి దాచాలి. అయితే క్లిప్డ్ దాచేది కంటికి కనిపించే భాగాన్నే. తాకితే స్పందించే ప్రాంతం ఇంకా బయటిదాకా ఉంటుంది. పక్కనున్న బటన్ నొక్కితే ఫొటో తెరుచుకుంటోందన్న ఫిర్యాదు వస్తే, కంటెంట్‌షేప్‌తో తాకే ప్రాంతాన్ని కూడా ఫ్రేమ్‌కు పరిమితం చేయాలి.

కంటికి చిన్నదే, మెమొరీకి కాదు

ఇంతదాకా చెప్పిందంతా గీసేటప్పుడు జరిగేది. వ్యూకు కంటైన్ అనో కవర్ అనో చెప్పినంత మాత్రాన బొమ్మ చిన్నది కాదు, చిన్నగా కనిపిస్తుంది, అంతే. ఈ తేడా పట్టుబడకపోవడం వల్లే నిష్పత్తి చక్కగా ఉన్న యాప్‌లు కూడా జాబితా కిందికి జరిపేసరికి కుప్పకూలుతుంటాయి.

జేపెగ్ ఫైల్ డిస్క్ మీద 3 ఎంబీ ఉండవచ్చు. స్క్రీన్ మీద గీయాలంటే దాన్ని విప్పి ప్రతి పిక్సెల్‌నూ మెమొరీలో పరచాలి. ఒక్కో పిక్సెల్‌కు మామూలుగా 4 బైట్లు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పారదర్శకత. 4000 × 3000 × 4 = 4.8 కోట్ల బైట్లు, దాదాపు 48 ఎంబీ. ఫైల్‌ను ఎంత గట్టిగా కుదించి దాచినా ఈ లెక్కలో మార్పు ఉండదు, ఎందుకంటే ఇది ఫైల్ సైజు మీద ఆధారపడదు, పిక్సెల్‌ల సంఖ్య మీదే ఆధారపడుతుంది. బొటనవేలి గోరంత థంబ్‌నెయిల్‌గా చూపించినా మెమొరీలో కూర్చున్నది 48 ఎంబీయే. అలాంటివి 20 ఉంటే 960 ఎంబీ. అదే ఫొటోను 1080 × 810కి తగ్గించి విప్పితే సుమారు 3.5 ఎంబీ. వెడల్పు, ఎత్తు రెండూ ఒకే రెట్టుతో తగ్గుతాయి కాబట్టి మెమొరీ ఆ రెట్టు వర్గంతో తగ్గుతుంది. ఇంత పెద్ద లాభం ఇంత చిన్న మార్పుతో వచ్చే చోట్లు యాప్‌ల పనిలో ఎక్కువ ఉండవు.

మరి తగ్గించడం ఎప్పుడు? మొత్తం విప్పి, ఆ తర్వాత తగ్గిస్తే ఆ 48 ఎంబీ కాసేపైనా మెమొరీలోకి వచ్చే తీరుతుంది. విప్పుతున్నప్పుడే తగ్గించాలి.

ఆండ్రాయిడ్‌లో బిట్‌మ్యాప్‌ఫ్యాక్టరీతో ఇది రెండు అడుగుల పని. మొదట ఇన్‌జస్ట్‌డీకోడ్‌బౌండ్స్‌ను ట్రూ చేసి పిలిస్తే బొమ్మను విప్పకుండా కొలతలు మాత్రం చెబుతుంది. ఆ కొలతలతో ఇన్‌శాంపిల్‌సైజ్ లెక్కగట్టి రెండోసారి నిజంగా విప్పాలి. ఇన్‌శాంపిల్‌సైజ్ 2 అయితే వెడల్పూ ఎత్తూ సగం, 4 అయితే పావు. ఇది 2 ఘాతాలనే (2, 4, 8 వంటివి) పట్టించుకుంటుంది. మీరు 3 ఇచ్చినా 2గానే తీసుకుంటుంది. మన ఉదాహరణలో 4 పెడితే 1000 × 750 వస్తుంది, మనకు కావాల్సిన 1080 కంటే తక్కువ, తర్వాత పెంచితే మసక. కాబట్టి 2 పెట్టి 2000 × 1500గా విప్పి, అక్కడి నుంచి 1080 × 810కి కచ్చితంగా తగ్గించాలి. కావాల్సిన సైజు కంటే చిన్నది కాకుండా ఎంత పెద్ద ఘాతం దొరికితే అంత తీసుకోవడమే నియమం.

ఆ చివరి అడుగులో క్రియేట్‌స్కేల్డ్‌బిట్‌మ్యాప్ అనే ఫంక్షన్ ఎదురవుతుంది. అది వెడల్పు, ఎత్తు రెంటినీ అడుగుతుంది, ఇచ్చినవి ఇచ్చినట్టు వాడేస్తుంది, నిష్పత్తి సంగతి దానికి పట్టదు. మొదట్లో అన్న ఆ రెండో సంఖ్య చొరబడే తలుపు ఇదే. దాన్ని నేరుగా పిలవకుండా, గరిష్ఠ వెడల్పు, గరిష్ఠ ఎత్తు తీసుకుని లోపల ఒకే స్కేల్ లెక్కగట్టే చిన్న ఫంక్షన్ ఒకటి రాసుకుని, ప్రాజెక్ట్ అంతటా అదే వాడాలి. ఆండ్రాయిడ్ 9 నుంచి ఉన్న ఇమేజ్‌డీకోడర్‌లో సెట్‌టార్గెట్‌సైజ్‌తో ఈ రెండు అడుగులూ ఒకటవుతాయి. హెడర్ (ఫైల్ మొదట్లో ఉండే వివరాలు) చదవగానే అసలు కొలతలు మన చేతికి వస్తాయి, అక్కడే లెక్కగట్టి కావాల్సిన సైజు చెప్పవచ్చు. అయితే అదీ రెండు సంఖ్యలే అడుగుతుంది, జాగ్రత్త అదే. ఇవేవీ మనమే రాయనక్కర్లేని సందర్భాలే ఎక్కువ. గ్లైడ్, కాయిల్ లైబ్రరీలు వ్యూ సైజును చూసి దానికి తగ్గట్టే విప్పుతాయి.

ఐఓఎస్‌లో సరైన దారి ఇమేజ్‌ఐఓ అనే లైబ్రరీ. సీజీఇమేజ్‌సోర్స్‌క్రియేట్‌థంబ్‌నెయిల్‌ఎట్‌ఇండెక్స్ అనే పొడవాటి పేరున్న ఫంక్షన్‌కు గరిష్ఠ పిక్సెల్ సైజు అని ఒకే ఒక్క సంఖ్య ఇస్తాం. బొమ్మలో పొడవైన అంచు అంతకు మించకుండా, నిష్పత్తి చెడకుండా తగ్గించి ఇస్తుంది. ఒక్క సంఖ్యే అడిగే ఇలాంటి ఏపీఐలు చూస్తే నాకు ముచ్చటేస్తుంది, తప్పు చేసే అవకాశమే ఇవ్వవు. ఒక మెలిక మాత్రం ఉంది. 1080 చదరపు చట్రాన్ని నింపాలనుకుని గరిష్ఠం 1080 అని ఇస్తే వచ్చేది 1080 × 810. ఎత్తు చాలదు, నింపేటప్పుడు మళ్లీ సాగి మసకబారుతుంది. నింపడానికి మ్యాక్స్ స్కేల్‌తో లెక్కగట్టిన 1440 ఇవ్వాలి. ఇమడ్చడమా నింపడమా అన్నది గీసేటప్పుడే కాదు, విప్పేటప్పుడు కూడా తెలిసి ఉండాలన్నమాట.

ఫ్లట్టర్‌లో క్యాష్‌విడ్త్, క్యాష్‌హైట్ అని రెండు ఉన్నాయి. ఒకటే ఇస్తే రెండోది నిష్పత్తి ప్రకారం వస్తుంది. రెండూ ఇస్తే ఇచ్చిన కొలతలకే విప్పుతుంది, అప్పుడు బొమ్మ మెమొరీలోనే వికారమైపోతుంది. పైన కంటైన్ పెట్టినా కవర్ పెట్టినా అది బాగుపడదు. బొమ్మ సాగింది, కానీ ఫిట్ సరిగ్గానే ఉంది అని తల పట్టుకునేవాళ్లు ముందు చూడాల్సింది ఇక్కడే.

పిక్సెల్‌ల గురించి ఇంకో మాట. లేఅవుట్‌లో మనం రాసే 360 అనే కొలత తెర మీది అసలు పిక్సెల్‌లు కాదు. ఆండ్రాయిడ్‌లో అది డీపీ, ఐఓఎస్‌లో పాయింట్. మూడు రెట్ల సాంద్రత ఉన్న తెరపై 360 అంటే 1080 పిక్సెల్‌లు. విప్పే సైజు ఎప్పుడూ అసలు పిక్సెల్‌లలోనే చెప్పాలి. సాంద్రతతో గుణించడం మరిచిపోతే బొమ్మ మసకగా వస్తుంది. దీనికి తిరగబడ్డ పొరపాటు కూడా ఉంది: ఐఓఎస్ యూఐగ్రాఫిక్స్‌ఇమేజ్‌రెండరర్ మామూలుగా తెర సాంద్రతను తానే కలుపుకుంటుంది. సర్వర్‌కు 1000 పిక్సెల్‌ల ఫొటో పంపుదామని 1000 అని రాస్తే, మూడు రెట్ల తెర ఉన్న ఫోన్‌లో 3000 పిక్సెల్‌ల బొమ్మ తయారవుతుంది. ఫార్మాట్‌లోని స్కేల్‌ను 1గా పెడితే అడిగిందే వస్తుంది.

పక్కకు తిరిగిన ఫొటో

లెక్కలన్నీ సరిగ్గా ఉన్నా కొన్ని ఫొటోలు మాత్రమే చెడుతుంటే అనుమానించాల్సింది ఎగ్జిఫ్ ఓరియెంటేషన్‌ను, అంటే ఫొటో ఫైల్‌లో పిక్సెల్‌లతోపాటు దాచే వివరాల్లోని దిశ గుర్తును. ఫోన్‌ను నిలువుగా పట్టుకుని తీసినా చాలా కెమెరాలు పిక్సెల్‌లను సెన్సర్ ఉన్న అడ్డం వరుసలోనే రాసి, చూపించేటప్పుడు తిప్పాలి అని పక్కన ఒక గుర్తు పెడతాయి. ఆ గుర్తుకు 1 నుంచి 8 దాకా విలువలుంటాయి. 6 అంటే కుడివైపు 90 డిగ్రీలు తిప్పమని. 5 నుంచి 8 దాకా ఏది ఉన్నా వెడల్పు, ఎత్తు తారుమారవుతాయి.

బిట్‌మ్యాప్‌ఫ్యాక్టరీ ఈ గుర్తును పట్టించుకోదు. అది 4000 × 3000 అని చెప్పిన ఫొటో నిజానికి మనిషి చూసేటప్పుడు 3000 × 4000. తిప్పకముందు కొలతలతో చట్రం లెక్క వేసి, తర్వాత తిప్పితే ఒకదాని నిష్పత్తి ఇంకొకదాని మీద పడుతుంది. ఎగ్జిఫ్‌ఇంటర్‌ఫేస్‌తో ఆ గుర్తు చదివి, అవసరమైతే వెడల్పు ఎత్తులను తారుమారు చేసి, అప్పుడు స్కేల్ లెక్కగట్టాలి. వరుస ముఖ్యం. ఐఓఎస్‌లో యూఐఇమేజ్ సైజు దిశను లెక్కలోకి తీసుకునే చెబుతుంది, కానీ దాని లోపలి సీజీఇమేజ్ వెడల్పు ఎత్తులు ముడి కొలతలు. రెంటినీ ఒకే లెక్కలో కలపకూడదు. ఇమేజ్‌ఐఓ వాడేటప్పుడు థంబ్‌నెయిల్‌విత్‌ట్రాన్స్‌ఫార్మ్ ఆప్షన్ ట్రూ చేస్తే తిప్పే పని అదే చూసుకుంటుంది.

చిన్న అంకెలు, పెద్ద చిక్కులు

కాట్లిన్‌లో, జావాలో, స్విఫ్ట్‌లో పూర్ణసంఖ్యను పూర్ణసంఖ్యతో భాగిస్తే పూర్ణసంఖ్యే వస్తుంది. 1080 ÷ 4000 అంటే 0. స్కేల్ సున్నా అయితే బొమ్మే ఉండదు. భాగించేముందే దశాంశ రకంలోకి మార్చాలి, భాగించాక మారిస్తే లాభం లేదు.

ఫలితాన్ని మళ్లీ పూర్ణసంఖ్య చేసేటప్పుడు కోసేయకుండా దగ్గరి సంఖ్యకు సవరించాలి. 16:9 బొమ్మను 1000 వెడల్పుకు తగ్గిస్తే ఎత్తు 562.5. అది 562 అయినా 563 అయినా కన్ను పట్టలేదు. కానీ రెండు నిష్పత్తులు సమానమా అని కోడ్‌లో నేరుగా పోల్చితే సమానం కాదనే వస్తుంది, కొద్దిపాటి తేడాను అనుమతించి పోల్చాలి. మరీ సన్నటి బొమ్మల్లో ఎత్తు సవరించాక సున్నా కావచ్చు, అప్పుడు యాప్ ఆగిపోతుంది. కనీసం 1 ఉండేలా చూడాలి.

చిన్న బొమ్మను పెంచవద్దనుకుంటే స్కేల్‌ను 1 దాటనివ్వకూడదు. సర్వర్‌కు పంపేటప్పుడు ఈ నియమం తప్పనిసరి. లేని వివరాన్ని ఏ లెక్కా పుట్టించలేదు, ఫైల్ మాత్రం లావవుతుంది.

నాణ్యత విషయం కూడా ఇక్కడే చెప్పాలి. మామూలు బైలీనియర్ పద్ధతి కొత్త పిక్సెల్ రంగు కోసం పాత బొమ్మలో 4 పక్కపక్క పిక్సెల్‌లను మాత్రమే చూస్తుంది. పదో వంతుకు తగ్గిస్తే ఒక్కో కొత్త పిక్సెల్ 100 పాత పిక్సెల్‌లకు ప్రతినిధి కావాలి. 4 చూసి 96 వదిలేస్తే సన్నని గీతలు తెగుతాయి, అక్షరాలు రంపపు పళ్లలా అవుతాయి, చారల చొక్కా మీద లేని అలలు పుడతాయి. అందుకే ఒకేసారి దూకకుండా సగం, సగం చేసుకుంటూ రావాలి. ఇన్‌శాంపిల్‌సైజ్‌తో ముందు చాలావరకు తగ్గించి చివరి కొద్దిపాటి అడుగే బైలీనియర్‌తో వేయడం వల్ల ఈ చిక్కు కూడా తగ్గుతుంది.

సర్వర్‌కు పంపేటప్పుడు

పొడవైన అంచు 2000 పిక్సెల్‌లు మించకూడదు అనే నియమం అప్‌లోడ్‌లలో సర్వసాధారణం. ఫొటోలకు బాగానే పనిచేస్తుంది. 1080 × 12000 ఉన్న పొడవాటి స్క్రీన్‌షాట్‌కు ఇదే వర్తింపజేస్తే 180 × 2000 అవుతుంది, నిష్పత్తి చెక్కుచెదరదు గానీ ఒక్క అక్షరం కూడా చదవలేం. ఇలాంటివి వచ్చే యాప్‌లలో అంచుకు కాకుండా మొత్తం పిక్సెల్‌ల సంఖ్యకు హద్దు పెట్టడం మేలు. 30 లక్షల పిక్సెల్‌లు దాటకూడదనుకుంటే, స్కేల్ = వర్గమూలం(30 లక్షలు ÷ ప్రస్తుత పిక్సెల్‌లు). ఆ స్క్రీన్‌షాట్‌లో ఉన్నవి కోటీ 29 లక్షల 60 వేలు. స్కేల్ దాదాపు 0.48 వస్తుంది, బొమ్మ సుమారు 520 × 5774 అవుతుంది. చదవగలం. ఇక్కడా చేతిలో ఉన్నది ఒక్క సంఖ్యే, దాన్ని ఎంచుకునే తీరు మాత్రం మారింది.

తగ్గించడం ఎప్పుడూ అసలు ఫైల్ నుంచే మొదలవ్వాలి. ఒకసారి తగ్గించినదాన్ని మళ్లీ తగ్గిస్తూ పోతే ప్రతిసారీ జేపెగ్ నష్టమూ సవరణ తేడాలూ పేరుకుంటాయి. పారదర్శకత ఉన్న పీఎన్‌జీని జేపెగ్‌గా రాస్తే ఖాళీ భాగం నల్లగా మారవచ్చు, కాబట్టి ముందు తెల్లటి నేపథ్యం మీద గీయాలి లేదా ఫార్మాట్ మార్చకూడదు. బిట్‌మ్యాప్ నుంచి కొత్త ఫైల్ రాస్తే ఎగ్జిఫ్ సమాచారం పోతుంది. ఫొటో తీసిన చోటు వివరాలు అలా పోవడం వాడేవాళ్ల గోప్యతకు మంచిదే. కానీ దిశ గుర్తు కూడా దాంతోపాటే పోతుంది కనుక, రాసేముందే పిక్సెల్‌లను నిజంగా తిప్పి ఉండాలి. తిప్పాక పాత గుర్తును మళ్లీ కాపీ చేస్తే ఫొటో రెండుసార్లు తిరుగుతుంది.

ఇదంతా సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి అందమైన ప్రకృతి దృశ్యాలు పనికిరావు, కొండ ఐదు శాతం సాగినా ఎవరూ గుర్తుపట్టరు. పరీక్షకు వృత్తం గీసిన బొమ్మ కావాలి. నాలుగు మూలలా నాలుగు రంగులు, అంచు పొడవునా ఒక పిక్సెల్ గీత ఉండాలి. వృత్తం నిష్పత్తిని చెబుతుంది, మూలల రంగులు దిశనూ కోతనూ చెబుతాయి, సన్నని గీత తగ్గింపు నాణ్యతను చెబుతుంది. దాన్నే అడ్డంగా, నిలువుగా, చదరంగా, మరీ పొడవుగా, చట్రం కంటే చిన్నగా, ఎనిమిది ఎగ్జిఫ్ విలువలతోనూ తయారుచేసి ప్రాజెక్ట్‌లో ఉంచుకుని, ప్రతి స్క్రీన్‌నూ వాటితో ఒకసారి నడిపించాలి.